అమావాస్య లేని రిజిస్టరు

బుల్లిసూర్యం మాస్టారు ఖాళీ గుప్పిట మూసి, మంత్రం చదువుతున్నట్టు పెదాలు కదిపి, మళ్ళీ తెరిచేసరికి వేళ్ళ సందుల్లోంచి విభూతి జలజలా రాలింది. హైస్కూలు పిల్లలు బల్లలు చరిచి గోల చేశారు. వెనక గోడకి ఆనుకుని నిలబడిన శోధన మాత్రం ఊపిరి బిగబట్టింది. ఆ విభూతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి ఏడో ఏటి నుంచీ తెలుసు. బూడిదని గంజితో కలిపి, ఉండ చేసి, ఎండబెట్టి, బొటనవేలి మొదట్లో దాచుకుంటారు. అంతమంది చూస్తుండగా ఆ ఉండని వేళ్ళతోనే తడిమి పట్టుకుని, వేళ్ళతోనే చిదపాలి. ఆమె చూస్తున్నది విభూతిని కాదు, తండ్రి వేళ్ళని. అవి తడబడలేదు.

మాస్టారు సైన్సు చెప్పి రిటైరయ్యారు గానీ ఊళ్ళో ఆయన్ని ఎవరూ సైన్సు మాస్టారనరు. అమావాస్య మాస్టారంటారు. నలభై ఏళ్ళుగా దొంగ బాబాల గుట్టు రట్టు చేస్తూ తిరిగిన మనిషి. పెళ్ళి అమావాస్య నాడే చేసుకున్నారు. గ్రహణం పట్టిన వేళ నడివీధిలో కుర్చీ వేసుకుని, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇద్దరూ ఒకే గిన్నెలో పులిహోర తిన్నారు. ఆ కూతురికి శోధన అని పేరు పెట్టి, పేరుకి తగ్గట్టే పెంచారు. ఇంట్లో మంచిరోజు, చెడ్డరోజు అన్న మాట వినపడితే అన్నం ముందునుంచి లేచిపోయేవారు.

రెండేళ్ళ కిందట ఒక సభలో ఎవడో భక్తుడు విసిరిన సోడాబుడ్డి పగిలి, గాజుముక్క ఆయన కుడి మణికట్టులో దిగింది. మూడు సెంటీమీటర్ల మేర నరం నుజ్జయింది. గాయమైతే మానింది గానీ వేళ్ళు కొయ్యబారిపోయాయి. టీ గ్లాసు పట్టుకుంటే బొబ్బలెక్కేదాకా వేడి తెలిసేది కాదు. బూడిద ఉండ చేతిలో ఉందో జారిపోయిందో తెలియని మనిషి ఇంక గుట్టులేం విప్పుతాడు? ఆ ఏడాది ఆయన ఇల్లు కదల్లేదు.

అలాంటి చెయ్యి ఇవాళ మళ్ళీ విభూతి రాల్చింది. శోధనకి ఏడుపొచ్చినంత పనైంది.

ప్రదర్శన అయ్యాక హెడ్‌మాస్టారు దండ వేసి, "వచ్చే గురువారమే అమావాస్య వచ్చింది మాస్టారూ, ఆ రోజు మా అక్కగారి స్కూల్లో పెట్టండి. మీరు అమావాస్య నాడు ఆడితే ఆ అందమే వేరు కదండీ," అన్నాడు.

"గురువారం నాకు కుదరదండి," అన్నారు మాస్టారు, కుడిచేతిని జేబులోకి తోసుకుంటూ.

అమావాస్య నాడు కుదరదనడం ఆయన జీవితంలో ఎప్పుడూ లేదు. శోధన ఆ మాట విన్నది గానీ పట్టించుకోలేదు. తన పరిశోధనని చూడ్డానికి రాబోయే కమిటీ గురించే ఆమె ఆలోచన. కారెక్కేముందు అమ్మ ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు రాళ్ళ ఉప్పు రెండు కేజీలు పట్రావే," అంది. "ఊరగాయల రోజులు కాదు కదమ్మా, కిందటి నెలా తెచ్చాను," అంటే మంగతాయారు, "ఇంట్లో ఉప్పు ఖర్చవదా ఏంటి?" అని ఫోన్ పెట్టేసింది. శోధన దాన్నీ పట్టించుకోలేదు.

* * *

భీమవరం నుంచి నర్సాపురం పోయే దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఉంది ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం. కిటికీ తెరిస్తే చెరువు నీళ్ళని చిలికే ఏరియేటర్ల హోరు, మేత వాసన. గురువారం పొద్దున్నే ఆమె ఢిల్లీ కమిటీకి చూపించాల్సిన గ్రాఫులు దిద్దుతూ కూర్చుంది. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆమోదం వస్తే రెండు వందల మందికి ఈ వైద్యం చేయవచ్చు.

తెగిన నరానికి రెండు కొసల మధ్య దారి ఉంటే అదే పాక్కుంటూ వెళ్ళి కలుసుకుంటుంది. ఆ దారి దేనితో వేయాలన్నదే చిక్కు. ప్లాస్టిక్ గొట్టాన్ని ఒళ్ళు ఒప్పుకోదు. రొయ్య పెంకుని శుద్ధిచేసి అచ్చుపోసిన గొట్టాన్ని ఒప్పుకుంటుంది గానీ, నరం సగం దూరం వెళ్ళేలోగా అది కరిగిపోతుంది. శోధన పెంకుని వదిలేసి, పెంకుని అల్లే కణాలను పట్టుకుంది. తల్లి రొయ్య గుల్ల కింది పొరలోంచి వాటిని ప్రాణంతో తీసి, మనిషి ఒంట్లో ఇమిడేలా ఏళ్ళ తరబడి మచ్చిక చేసింది. గాయంలో పెడితే అవే సన్నటి గొట్టం అల్లుతాయి. కరిగినంత మేరా మళ్ళీ అల్లుతాయి. దానికి ఆమె పెట్టిన శాస్త్రీయనామం మూరెడు పొడవుంది. రోగులు మాత్రం దాన్ని రొయ్యనరం అనేశారు.

పంతొమ్మిది మంది రోగులు, గ్రాఫులో పంతొమ్మిది గీతలు. అన్నీ పైకే పోతున్నాయి. పద్నాలుగు నెలల్లో ఒక్క గీత, ఒక్క రోజు కూడా కిందికి దిగలేదు. ఆమె గర్వమంతా ఆ గీతల మీదే ఉంది.

కౌంటరు దగ్గర గొడవ వినిపించింది. రికార్డులు చూసే రామశేషు ఎవరినో బతిమాలుతున్నాడు.

"నీ తేదీ సోమవారం కదమ్మా! చీటీ మీద రాసిచ్చాను కూడా."

"సోమారం దాకా ఈ చెయ్యి ఉండదండి బాబూ. కత్తెట్టి కోసేసుకుంటానేమోనని బయ్యంగా ఉంది."

"పొద్దున్నే అమావాస్య పూట అవేం మాటలు!"

"అమాస మాకేటండి? మాకు అన్నీ పెబువు దినాలే."

శోధన లేచి వెళ్ళింది. సువార్తమ్మ మెట్ల కింద, చీపుర్లు పెట్టే చీకటి మూలలో ముడుచుకుని కూర్చుంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. ఆరు నెలల కిందట కత్తి జారి మణికట్టు నరం తెగితే, ఆ నెలలోనే రొయ్యనరం పెట్టారు. మొన్న సోమవారం పరీక్షలో సూదిలో దారం ఎక్కించి చూపించి నవ్వింది. ఇప్పుడు కుడిచేతిని తడి కొంగులో చుట్టుకుని, గోడ వైపు తిరిగి వణుకుతోంది.

"ఏమైందండీ సువార్తమ్మగారూ? చెయ్యి చూపించండి," అంటూ శోధన లైటు వేసింది.

"లైటు తీసేయండమ్మా! గాలి తగిల్తేనే సూదులు గుచ్చినట్టుంది. బకెట్టుడు నీళ్ళలో నాలుగు గుప్పిళ్ళు ఉప్పేసి ఇప్పించండి, మీకు పుణ్ణెముంటాది."

ఉప్పునీళ్ళలో చెయ్యి మునిగాక గానీ ఆమె వణుకు తగ్గలేదు. ఆ చెయ్యి నీళ్ళలో ఉండగానే శోధన స్కానరు ఆనించి చూసింది. సోమవారం తెల్లటి గీతలా స్పష్టంగా కనిపించిన గొట్టం లేదు. దాని చోట సాలెగూడు కన్నా పలచటి పొర ఏదో ఉంది. లోపల నరం తొడుగు లేకుండా పడి ఉంది. వేలిమీద దూదితో రాస్తే యంత్రం మీద గీత పిచ్చెత్తినట్టు ఎగిరింది.

"ఏం చేశారు దీన్ని? ఎక్కడైనా దెబ్బ తగిలిందా?"

"నేనేం చెయ్యలేదమ్మా. మెత్తబడ్డాది, అంతే." సువార్తమ్మ కళ్ళు మూసుకునే చెప్పింది. "మా షెడ్డుకి అమాస ఎళ్ళాక వచ్చే సరుకు చూడండి, సగం మెత్తరొయ్యే ఉంటాది. కుబుసం ఇడిసేసి, కొత్త గుల్ల గట్టిపడలేదన్నమాట. పున్నానికీ ఇడుత్తాయి గానీ అమాసకి ఎక్కువ. చెరువు రైతు ఆ పూట మేత కూడా తగ్గించేత్తాడు. అవి తినవు కదండీ, బెదిరిపోయి మూలల్లో దాక్కుంటాయి. నాకూ అలాగే ఎక్కడైనా దూరిపోవాలనుంది."

"అమావాస్యకీ మీ చేతికీ ఏ సంబంధమూ లేదండీ."

"కిందటిసారీ మీరదే అన్నారమ్మా. ఆ ముందు సారీ అదే అన్నారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే. శోధనకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

గదిలోకి వెళ్ళి రిజిస్టర్లు ముందేసుకుంది. పంతొమ్మిది మంది, పద్నాలుగు నెలలు, నెలకి మూడు పరీక్షలు. పక్కన గోడ క్యాలెండరు పెట్టుకుని వేలితో ఒక్కో తేదీ చూస్తూ పోయింది. ఒక్క అమావాస్యా లేదు. ఒక్క పున్నమీ లేదు.

"రామశేషుగారూ!"

అతను భయపడుతూ వచ్చాడు. "మొదట్లో అమావాస్యకి తేదీ ఇస్తే ఒక్కరూ వచ్చేవారు కాదండి. అమావాస్య నాడు ఆసుపత్రి గడప తొక్కుతామా అనేవారు. పున్నమికి వ్రతాలనీ ఉపవాసాలనీ రారు. ఆ మాట మీ దగ్గరంటే మీరు కోప్పడతారు. అందుకని నేనే క్యాలెండరు చూసుకుని ముందుకీ వెనక్కీ సర్దేశానండి. పరీక్షలు ఒక్కటీ తప్పకూడదనే కదండీ నా తాపత్రయం."

అతన్ని తిడదామని నోరు తెరిచింది శోధన. అంతలో రిజిస్టరులో రోగుల ఫిర్యాదులు రాసే గడి కనపడింది. 'అమావాస్యకి చెయ్యి పోటు' అని రామశేషు గుండ్రటి అక్షరాలు. దాని మీద అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత. పక్కన ఆమె దస్తూరీ: 'మూఢనమ్మకం. నమోదు అక్కర్లేదు.'

పేజీలు తిప్పింది. పదకొండు మంది చెప్పారు. ముప్ఫై నాలుగు సార్లు చెప్పారు. ముప్ఫై నాలుగు సార్లు తనే కొట్టేసింది. కొట్టేసిన ప్రతిసారీ నాన్నకి తగ్గ కూతుర్నని లోపల్లోపల మురిసిపోయి ఉంటుంది కూడా. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అందరికన్నా ముందు రొయ్యనరం పెట్టించుకున్న తండ్రి పేజీని చివరగా తిప్పింది. ఫిర్యాదు: లేదు, లేదు, లేదు. మొదటి నెల నుంచి చివరి దాకా అదే మాట. హమ్మయ్య అనుకుంది ఒక్క క్షణం.

కూర్చోలేక కింద తొట్టెల గదికి వెళ్ళింది. తల్లి రొయ్యలు మూలల్లో నక్కి ఉన్నాయి. నీళ్ళ మీద మీసాలతో సహా ఖాళీ గుల్లలు తేలుతున్నాయి. పనివాళ్ళు నెలనెలా వాటిని జల్లెడతో తీసి పారబోయడం ఆమె ఎన్నిసార్లు చూసిందో. రొయ్య కుబుసం విడుస్తుందని ఆమెకి పుస్తకాల ద్వారా తెలుసు, కళ్ళారా తెలుసు. కానీ ఆ కణాలను మనిషి చేతిలో పెట్టాక అవి రొయ్యవన్న సంగతే మరిచిపోయింది. సముద్రం ఎరగని తొట్టెలో ఉన్నవాటికి అమావాస్య ఎలా తెలుస్తుందో ఎవరికీ తెలియదు. చేతిలో ఉన్నవాటికి ఎలా తెలుస్తోందో అంతకన్నా తెలియదు.

రొయ్య ఊరికే కుబుసం విడవదు. పెరగడానికి విడుస్తుంది.

అయితే చేతిలో ఉన్నదీ పెరుగుతూ ఉండాలి. ఆ వెనకే సువార్తమ్మ అడిగిన ఉప్పునీళ్ళ బకెట్టు, అమ్మ తెమ్మన్న రాళ్ళ ఉప్పు ఒకేసారి గుర్తొచ్చాయి. కారు తాళాలు తీసుకుని పరిగెత్తింది.

* * *

మంగతాయారు గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నాన్నగారు పడుకున్నారే. భోంచెయ్యి ముందు."

శోధన తల్లిని పక్కకి జరిపి పెరటి గదిలోకి వెళ్ళింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. మధ్యాహ్నం రెండింటికి గదంతా మసకచీకటి. బియ్యం డబ్బాల వెనక, చాప మీద, గోడ వైపు తిరిగి కూర్చున్నారు అమావాస్య మాస్టారు. కుడిచెయ్యి మోచేతి దాకా బకెట్టులో ఉంది.

ఆయన కూతుర్ని చూసి చెయ్యి బయటికి తీయబోయి, తీయలేక, పళ్ళు బిగించారు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"మూడో నెల నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనే? అమావాస్యకి నొప్పెడుతోందని చెప్పనా? నేనా?" గొంతు పెంచి, నొప్పికి మళ్ళీ దించారు. "మొదట అనుమానం అనుకున్నాను. మనసు ఆడే ఆట అనుకున్నాను. క్యాలెండరు తీయించేశాను, తేదీ తెలియకపోతే నొప్పి రాదేమోనని. వచ్చింది. మీ అమ్మ మొహం చూస్తే తెలిసేది, ఇవాళ అదేనని."

"నేను దిష్టనుకున్నాను," అంది వెనక నుంచి మంగతాయారు. "ఉప్పు తిప్పి దిష్టి తీసి, ఆ ఉప్పు బకెట్టులో వేశాను. ఈయన నొప్పికి తాళలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ అందులో చెయ్యి పెట్టేశారు. హాయిగా ఉందన్నారు. అప్పట్నుంచీ ఇదే."

"అది దిష్టి కాదు తాయారూ, లవణ సాంద్రత."

"ఏదైతేనేం, ఉప్పు నాదేగా."

ఇంకో రోజైతే శోధన పకపకా నవ్వేది. ఇప్పుడు చాప మీద కూలబడి తండ్రి మోకాలి మీద తల ఆనించింది. "మీరు చెప్పలేదు నాన్నా. వాళ్ళు చెబితే నేను రాయలేదు. పదకొండు మంది చెప్పారు."

 మాస్టారు ఎడమచేత్తో కూతురి తల నిమిరి, "ఇలా నేర్పింది నేనేగా," అన్నారు.

ఆ సాయంత్రమే బకెట్టుతో సహా ఆయన్ని కేంద్రానికి తీసుకొచ్చింది. ఇన్నాళ్ళూ స్కానింగ్ మణికట్టు దగ్గరే చేసేవారు. గొట్టం పెట్టింది అక్కడే కాబట్టి ప్రయోగ నిబంధనల కాగితంలో అక్కడే చూడమని ఉంది. ఈసారి స్కానరుని మణికట్టు నుంచి పైకి జరుపుతూ పోయింది. పలచటి కొత్త పొర ఎక్కడా ఆగలేదు. ముంజేయి దాటింది. మోచెయ్యి దాటింది. మోచేతి మీద రెండు వేళ్ళ ఎత్తున ఆగింది. మూడు సెంటీమీటర్లు పెట్టిన గొట్టం మూరెడు దూరం పాకింది. కుబుసం విడిచిన ప్రతిసారీ రెండేసి సెంటీమీటర్లు పెరిగింది.

"ఇలాగే పోతే?" అన్నారు మాస్టారు, పాఠం అడిగినట్టు.

"భుజం. తరవాత మెడ. ఏడాదిన్నరకి వెన్నుపాము. అక్కడ ఒకసారి కుబుసం విడిస్తే ఏమవుతుందో నాకు తెలియదు."

"దానంతటది ఆగదా?"

"రొయ్యకైతే కంటి కాడలో ఒక రసం ఉంటుంది. ఇక చాలు, ఆగమని చెబుతుంది. మనం తెచ్చినవి కణాలే కదా నాన్నా. ఆగమని చెప్పే కన్ను వాటికి లేదు."

* * *

డైరెక్టరుగారు విషయం విని, "కమిటీ వచ్చి వెళ్ళనివ్వండి, తరవాత నిదానంగా చూద్దాం," అన్నారు. శోధన ఆ గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీదే నిలబడి కమిటీకి ఉత్తరం పంపేసింది. ప్రయోగం ఆపేశాను, లోపం నాది, వివరాలు ఇవీ అని రాసింది. పదకొండేళ్ళ పని. పంపాక అంతకుముందు రోజు కన్నా ఊపిరి బాగా ఆడింది.

దారి ఒక్కటే ఉంది. గొట్టం పాకినంత మేరా, దానితో కలిసిపోయిన నరంతో సహా తీసెయ్యాలి. చెయ్యి కదులుతుంది గానీ ఆ వేళ్ళకి ఇంకెప్పటికీ స్పర్శ ఉండదు. అలా తీస్తే కణాలన్నీ పోయినట్టేనా అంటే, తీశాక వచ్చే అమావాస్యే చెప్పాలి. పంతొమ్మిది మందిలో ఎవరో ఒకరు మొదట సిద్ధపడాలి.

మాస్టారు మూడు రోజులు నిర్ణయం వాయిదా వేశారు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవారు. కుడిచేత్తో ఏది పడితే అది పట్టుకునేవారు. తలుపు గడియ, చిక్కుడు గింజలు, మంగతాయారు జడ కొస. బూడిద ఉండలు పళ్ళెం నిండా చేయించుకుని, ఒక్కోటీ వేళ్ళ మధ్య దాచి, తీసి, చిదిపి, మళ్ళీ ఇంకోటి. వరండా అంతా బూడిదే.

"ఇంకో నాలుగైదు అమావాస్యలు ఆగొచ్చు కదే?" అన్నారు నాలుగో రోజు, కూతురి వైపు చూడకుండా.

"ఆగొచ్చు నాన్నా. మీ ఇష్టం."

అలా అనడం ఆమెకి ఎంత కష్టమైందో ఆయనకి తెలుసు. పళ్ళెంలో మిగిలిన ఉండలను డబ్బాలో పోసి మూత పెట్టారు. "అందరికన్నా ముందు పెట్టించుకున్నది నేను. నాదే ఎక్కువ దూరం పాకింది. నాది తీస్తే ఆగిందంటే మిగతా వాళ్ళవీ ఆగుతాయి. రేపు రమ్మను మీ సర్జనుని."

ఇంకో పని మిగిలింది. వచ్చే అమావాస్య నాడు మిగతా పద్దెనిమిది మందినీ పరీక్ష చెయ్యాలి. ఎవరిది ఎంత దూరం పాకిందో, ఎవరికి ఎంత గడువుందో ఆ రోజే తేలుతుంది. రామశేషు ఫోన్ చేస్తే ఎవరూ రామన్నారు. శోధన చేస్తే మర్యాదగా రామన్నారు.

ఆపరేషనై నాలుగో రోజున, కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని మాస్టారు ఫోన్ అందుకున్నారు. ఒక్కొక్కరికీ ఆయనే చేశారు. శోధన పక్కనే కూర్చుని ఆ మాటలు పద్దెనిమిది సార్లు విన్నది.

"నేనండీ, అమావాస్య మాస్టారిని. అమావాస్యకి నాకూ చెయ్యి నొప్పెట్టేదండీ. పన్నెండు నెలలు దాచాను. సిగ్గుపడి దాచాను. మీరు చెప్పింది నిజం, మా అమ్మాయి దాన్ని కొట్టేయడం తప్పు. రండి. ఆ రోజే రావాలి."

 అవతలి వైపు ఒక్కొక్కరూ ఎన్ని గంటలకు రావాలని అడిగేవారు.

* * *

అమావాస్య పొద్దున పదింటికి పద్దెనిమిది మందీ వచ్చారు. హాలు కిటికీలకి దుప్పట్లు కట్టారు. వరసగా బకెట్లు. రామశేషు ఉప్పు బస్తా భుజాన వేసుకుని ఒక్కో బకెట్టులో గిన్నెడు పోస్తూ తిరిగాడు. నొప్పి అందరి మొహాల్లోనూ ఉంది గానీ, ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నాక కొందరికి ధైర్యం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికి వారే తమ ఒక్కరికే అనుకున్నారు మరి.

లోపలి గదిలో మాస్టారి ముందు కూడా ఒక బకెట్టు పెట్టింది మంగతాయారు. అలవాటు కొద్దీ ఆయన కుడిచెయ్యి అందులో పెట్టారు. శోధన స్కానరు పట్టుకుని పక్కన కూర్చుంది. 

"ఉప్పు వేసిందా మీ అమ్మ?"

"వేసింది నాన్నా."

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

ఆమె తన చెయ్యి ముంచి చూసింది. "చల్లగానే ఉన్నాయి."

"అయితే సరే. నాకేమీ తెలియడం లేదు."

స్కానరు భుజం దాకా జరిపింది. మెడ దాకా జరిపింది. ఎక్కడా పలచటి పొర లేదు. గంట ఆగి మళ్ళీ చూసింది. హాల్లో అందరికీ స్కానింగ్ చేసి వచ్చి, మధ్యాహ్నం మళ్ళీ చూసింది. ఆగిపోయింది. ఆమె కోరుకున్నది అదే. దానికోసమే దేవుడు లేడనుకుంటూనే నెల రోజులుగా ఎవరినో వేడుకుంది. రిజిస్టరు తెరిచి తేదీ వేసి, పక్కన అమావాస్య అని రాసింది. కింద 'నొప్పి లేదు. స్పర్శ లేదు' అని రాసేసరికి అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

"వెళ్ళి చెప్పు వాళ్ళకి," అన్నారు మాస్టారు.

"ఏమని చెప్పను నాన్నా? నయమైందని చెప్పనా?"

ఆయన లేచి చెయ్యి తుడుచుకున్నారు. చొక్కా జేబులోంచి ఎడమచేత్తో బూడిద ఉండ తీసి, కుడిచేతి బొటనవేలి మొదట్లో పెట్టుకుని, కళ్ళతో చూసుకుని మరీ వేళ్ళు మూశారు. హాల్లోకి వెళ్ళి పద్దెనిమిది మంది ముందూ నిలబడ్డారు. అందరూ ఆయన చేతి వైపే చూశారు.

ఆయన గుప్పిట పైకెత్తి, పెదాలు కదిపి, తిప్పారు. ఉండ జారి నేలమీద పడి, దొర్లుకుంటూ బకెట్ల మధ్యకి పోయింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన చూపించకుండానే అందరూ ఆ ఉండని చూశారు. ఎవరూ నవ్వలేదు.

"ఇదీ గుట్టు," అన్నారు మాస్టారు.  "ఇవాళ అమావాస్య. నాకు నొప్పి లేదు. చేతిలో ఉండ ఉందో లేదో కూడా తెలియలేదు. రెండూ చూశారు కదా. ఇంక ఎవరి ఇష్టం వారిది. ఎవరికి ఎంత గడువుందో మా అమ్మాయి చెబుతుంది, ఈసారి మీరు చెప్పేది కూడా వింటుంది."

సువార్తమ్మ బకెట్టులోంచి చెయ్యి తీసింది. నొప్పికి మొహం ముడుచుకుపోయినా, వంగి, మెత్తబడ్డ ఆ వేళ్ళతోనే బూడిద ఉండని చితికిపోకుండా ఏరి, మాస్టారి ఎడమ అరచేతిలో పెట్టింది. తరవాత శోధన వైపు తిరిగింది.

"నాకెంతుందమ్మా గడువు?"

"మీది ఇంకా ముంజేతిలోనే ఉంది. ఐదారు అమావాస్యలు ఆగినా భయం లేదు."

"అయితే మూడు ఆగుతానండి. మా పిల్లకి ఎనిమిదో నెల. పురుడొచ్చాక ఆ బిడ్డని ఈ చేత్తో ఎత్తుకుని, ఒళ్ళంతా తడిమి, అప్పుడు తీయించేసుకుంటాను. ఈ పోటు ఓర్చుకుంటాను గానీ అది పోగొట్టుకోలేను. అలాగని రాసుకోండి."

శోధన రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని ఆమె బకెట్టు పక్కన నేలమీద కూర్చుంది. ఎర్ర పెన్సిలు రామశేషు చేతికిచ్చేసి, పెన్ను తీసుకుని, సువార్తమ్మ చెప్పిన మాటని ఆమె చెప్పినట్టే రాసింది. తరవాత పక్క బకెట్టు దగ్గరకి జరిగి, "మీరు చెప్పండి," అంది.